ఖాళీ భరిణె (ఏడో భాగం)

పోయిన వారం సుష్మితను కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చి వదిలాం. జపాన్ కంపెనీ తరఫున నగోయా నుంచి వచ్చిన మోరికావా గారు అమీర్‌పేటలోని ఆ మూడో అంతస్తు ఆఫీసులో గంటన్నర కూర్చుని, యంత్ర భాగాల డ్రాయింగులన్నీ ఒక్కొక్కటే చూసి, డైరెక్టరు రామ్మోహనరావు గారు ఇచ్చిన కానుకను వంగి రెండు చేతులతో అందుకుని, పంజగుట్టలో తను దిగిన హోటల్‌కు వెళ్లిపోయింది. సాయంత్రం నాలుగింటికి అక్కడే మూడేళ్ల ఆర్డరు మీద సంతకాలు. అది వస్తే ఇరవై రెండు మంది ఉద్యోగాలు నిలబడతాయి. రాకపోతే ఉగాది దాకా కూడా ఆఫీసు నడవదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ కానుక వెనక సుష్మిత పడ్డ తిప్పలు మీకు గుర్తుండే ఉంటాయి. తెల్ల కాగితం చుట్టొద్దంది, వాళ్లకది చావు రంగు. నాలుగు గిన్నెల సెట్టు వద్దంది, నాలుగు అంకె అచ్చిరాదు. రామ్మోహనరావు గారు ముచ్చటపడ్డ వెండి పిడి కత్తిని షాపులోనే వదిలేయించింది. చివరికి అందరూ ఒప్పుకున్నది అరచేతిలో పట్టే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణె. ‘పెట్టెలో ఈ భరిణె తప్ప ఇంకేమీ లేదు, డబ్బు అసలే లేదు’ అని జపాన్ కంపెనీ పంపిన కాగితం కింద సంతకం పెట్టింది కూడా సుష్మితే. మధురానగర్ హాస్టల్లో ఉంటూ పొద్దున్నే ఆరు గంటల బ్యాచ్‌లో జపనీస్ నేర్చుకున్న జనగామ పిల్ల. ఆఫీసులో ఆ భాష వచ్చింది ఆమె ఒక్కదానికే.

ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. అంతా బాగానే జరిగింది. రామ్మోహనరావు గారికి మాత్రం ఒక్క విషయం మింగుడు పడటం లేదు.

"తెరిచి కూడా చూడలేదేంటమ్మా? నచ్చలేదంటావా?" అని అప్పటికి ఐదోసారి అడిగారాయన, క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి.

"నచ్చక కాదు సార్. వాళ్లు ఇచ్చినోళ్ల ముందట తెరవరు. తెరిస్తే ఆశపడ్డట్టు అనుకుంటరు. రూముకు పోయినంక తెరుస్తరు."

"మనవాడేమో ఆవిడ తెచ్చిన బిస్కెట్ల డబ్బా ఆవిడ ఎదురుగానే చింపి పారేశాడు."

మనవాడంటే నరేశ్. కొరియర్లు, కరెంటు బిల్లులు, టీలు, బ్యాంకు, అన్నీ చూసేది అతనే. మూల స్టూలు మీద కూర్చుని ఆ బిస్కెట్లలో మూడోది తింటున్నాడు. "నాకేం తెల్సు సార్. గంత మంచిగ సుట్టిన కాగితం ఎవ్వడు ఇప్పుతడు ముడులు ముడులు. ఆమె సుత నవ్వింది."

"అది నవ్వు కాదు అన్నా. వాళ్లు పరేషాన్ అయితే గట్లనే నవ్వుతరు," అంది సుష్మిత.

రామ్మోహనరావు గారు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. సుష్మిత తన బాక్సు తీసుకుని పక్క గదిలోకి వెళ్లింది. అక్కడ నాగేశ్వరి గారు అప్పటికే క్యారియర్ విప్పి గిన్నెలు పరిచేసింది. రామ్మోహనరావు గారి భార్య. శ్రీనగర్ కాలనీలో ఇల్లు, భీమవరంలో పుట్టిల్లు. అతిథికి బొట్టు పెట్టడానికి పొద్దున్నే పట్టుచీర కట్టుకుని వచ్చి, కానుక ప్యాకింగు కూడా స్వయంగా చేసింది.

"రా కూర్చో. ఆ పచ్చడి మెతుకులు పక్కన పెట్టి పప్పుచారు వేసుకో. పదిహేను రోజులుగా తిండి లేదు నీకు, బుగ్గలు లోపలికి పోయాయి."

"తింట ఆంటీ."

"ఆవిడ ఈపాటికి తెరిచే ఉంటుంది. లోపల చూసి ముచ్చటపడుతుందిలే."

సుష్మిత ముద్ద కలుపుతూ నవ్వింది. "లోపల ఏమున్నది ఆంటీ చూడనీకె? ఖాళీ భరిణెనే కదా."

"ఖాళీ భరిణె ఎలా ఇస్తానే?" అంది నాగేశ్వరి.

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది.

"ఆడమనిషి, అంత దూరం నుంచి మన గడప దాకా వచ్చింది. ఆవిడ చేతిలో ఉత్త డబ్బా పెడతామా? కొత్త గిన్నె ఇచ్చినా, పర్సు ఇచ్చినా లోపల ఏదో ఒకటి పెట్టి ఇవ్వాలమ్మా. నిండుగా ఇస్తే నిండుగా ఉంటారు. కుంకుమ పోస్తే ఒలికి బట్టలకవుతుంది. అందుకని నూట పదహార్లు పెట్టాను. కొత్త వంద నోటు, మూలకి కాస్త పసుపు రాసి."

"ఆంటీ." సుష్మిత ముద్దను మళ్లీ బాక్సులో పెట్టేసింది. "పైసలు పెట్టిన్రా?"

"డబ్బులు కాదే, నూట పదహార్లు."

సుష్మిత లేచి నిలబడింది. చెయ్యి కూడా కడుక్కోలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు మూత తీసి ఖాళీ భరిణె ఫొటో తీసింది తనే. ఆ ఫొటో కాగితానికి జత చేసి నగోయాకు పంపింది తనే. ఆ తర్వాత భరిణెను నాగేశ్వరి గారి చేతికిచ్చి, మంచిగ సుట్టండ్రి ఆంటీ, అని నవ్వుతూ చెప్పింది కూడా తనే.

"ఏంటమ్మా, అలా తెల్లబోయావు?"

ఎడం చేత్తో ఫోన్ తీసి ఆ కాగితం తెరిచింది. రెండో పేజీ, ఆరో నియమం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అక్కడికక్కడే తెలుగులో చెప్పింది, మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే. నగదు, అది ఎంత చిన్న మొత్తమైనా సరే, కానుకలో కనిపిస్తే లంచం కిందే లెక్క. ఆర్డరు ఆ రోజే ఆగిపోతుంది. సంతకం చేసిన మనిషి పేరు వాళ్ల అన్ని కంపెనీల జాబితాలోకి ఎక్కుతుంది, ఆ మనిషితో ఇక ఎవరూ పని చేయరు.

నాగేశ్వరి గరిటె పక్కన పెట్టింది. "నూట పదహార్లకా?"

"ఒక్క రూపాయికైనా గంతే ఆంటీ."

*

క్యాబిన్లో రామ్మోహనరావు గారు అంతా విన్నారు. ఆ తర్వాత లేచి, ఏసీ చప్పుడుకు వినపడదనుకున్నా, తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చారు.

"ఇంకెవరికి తెలుసు?"

"మన ముగ్గురికే సార్."

"ముగ్గురి దగ్గరే ఉంచండి." ఆయన భార్య వైపు చూశారు. "నీకు చెప్పానా, ఆఫీసు విషయాల్లో వేలు పెట్టొద్దని?"

"ప్యాకింగు చెయ్యమని మీరే కదండీ పిలిచారు. అయినా నాకేం తెలుసు, ఇవ్వడంలో కూడా తప్పులుంటాయని," అంది నాగేశ్వరి. గొంతు గట్టిగానే ఉంది, కొంగు చివర మాత్రం వేలికి చుట్టుకుంటోంది.

"సార్, ఆమె ఇంకా తెరిచి ఉండకపోవచ్చు. ఇప్పుడే పోయి చెప్తే…"

"ఏమని చెబుతావు? ఇచ్చిన కానుక తిరిగి ఇచ్చెయ్యమంటావా? ఏ దేశంలోనైనా అంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా?"

సుష్మితకు జపనీస్ క్లాసులో సార్ ఇరవై రకాల మర్యాదలు చెప్పాడు. విజిటింగ్ కార్డు ఎలా అందుకోవాలి, ఎవరు ముందు కూర్చోవాలి, ఎంత వంగాలి. ఇచ్చింది వెనక్కి అడిగేటప్పుడు ఎంత వంగాలో చెప్పలేదు.

"మనంతట మనం చెబితే ఒప్పుకున్నట్టే," అన్నారు రామ్మోహనరావు గారు. "ఆవిడ సూట్‌కేసులో పడేసుకుని వెళ్లిపోవచ్చు. ఇంటికెళ్లి నెల తర్వాత తెరవచ్చు. అప్పటికి ఆర్డరు నడుస్తూ ఉంటుంది."

"తెరిస్తే సార్? కాగితం మీద నా సంతకం ఉన్నది."

"నాకు తెలుసమ్మా." ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఆమె ముఖంలోకి మాత్రం చూడలేదు. "నాలుగింటి దాకా నీ సీట్లో కూర్చో. మిగతాది నేను చూసుకుంటాను. నాగేశ్వరీ, నువ్వు ఆటో ఎక్కి ఇంటికి వెళ్లు."

ఇద్దరూ బయటికొచ్చారు. వరండాలో లిఫ్టు ముందు నరేశ్ నిలబడి ఉన్నాడు. క్యాబిన్ గోడలు ప్లైవుడ్‌వి కాబట్టి అతనికి తెలియనిదేమీ లేదు.

"నేను కాగితం చింపితె గంత తిట్టినవ్," అన్నాడు సుష్మిత చెవి దగ్గర. "ఆంటీ ఏకంగ కంపెనీనే చింపింది కదా."

"అన్నా, ప్లీజ్."

"సరే తియ్. ఇగో, నా మాట విను. సార్ చూసుకుంట అన్నడంటె సార్ తనను చూసుకుంటడు. పన్నెండేండ్ల సంది చూస్తున్న."

నాగేశ్వరి అది విన్నదో లేదో తెలియలేదు. చెప్పుల్లో కాళ్లు పెడుతూ, "ఆ కాగితం మీద సంతకం నీదొక్కదానిదేనా? ఆయనది లేదా?" అని అడిగింది.

"సార్ నన్ను పెట్టమన్నరు ఆంటీ. పెట్టిన."

నాగేశ్వరి చెప్పు పట్టీ బిగించుకుని నిటారుగా నిలబడింది. "హోటల్ ఎంత దూరం?"

"మెట్రోల ఒక్కటే స్టేషన్."

"పద."

*

ఆ ఒక్క స్టేషన్ దూరం ఎంత పొడుగో సుష్మితకు ఆ రోజే తెలిసింది. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చేతుల్లో కుక్కేవాళ్లను తప్పించుకుని, జెరాక్స్ షాపుల ముందు క్యూలను చీల్చుకుని, మెట్లు ఎక్కి, సెక్యూరిటీలో నాగేశ్వరి గారి గాజులకు మిషన్ రెండుసార్లు మోగి, టోకెన్ ఎక్కడ ఆనించాలో తెలియక ఆవిడ వెనకాల పది మంది ఆగిపోయి. రైలెక్కాక నిలబడే చోటు దొరికింది. సుష్మిత పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"జపమా?" అంది నాగేశ్వరి.

"కాదు ఆంటీ. ఏం చెప్పాల్నో జపనీస్‌ల అనుకుంటున్న. ప్యాకింగ్‌ల పొరపాటు అయింది, వేరేటోళ్లకు పోవాల్సిన డబ్బా మీకు వచ్చింది, జర ఇది తీస్కొని అది ఇయ్యండి అని చెప్త. కొన్నప్పుడు షాపాయన ఇంకోటి సుత ఇచ్చిండు, సేమ్ భరిణె. బ్యాగుల ఉన్నది."

"అంటే అబద్ధం."

"చిన్నదే ఆంటీ."

అద్దంలోంచి కింద పంజగుట్ట చౌరస్తా ట్రాఫిక్ కదలకుండా కనిపించింది. ఒకటిన్నర దాటింది.

హోటల్ లాబీలో చల్లదనానికి చెమట ఆరి సుష్మిత వీపు జిల్లుమంది. కౌంటర్లో అబ్బాయి ఫోన్ చేసి, మేడమ్ భోజనం చేస్తున్నారు, ఇరవై నిమిషాలు అన్నాడు. ఆ ఇరవై నిమిషాల్లో సుష్మిత తన వాక్యాన్ని ముప్పై సార్లు అనుకుంది. ముప్పైసార్లూ ‘పొరపాటు’ అన్న మాట దగ్గర నాలుక తడబడింది.

మోరికావా గారు లిఫ్టులోంచి వచ్చింది. పొట్టి మనిషి, కత్తిరించిన నెరిసిన జుట్టు, యాభై ఐదు దాటి ఉంటుంది. ఇద్దరినీ చూసి ఆశ్చర్యం ఏమీ చూపించలేదు. వంగింది. సుష్మిత వంగింది. నాగేశ్వరి చేతులు జోడించింది. ముగ్గురూ ఒక మూల సోఫాల్లో కూర్చున్నారు.

సుష్మిత నోరు తెరవబోయేలోగా నాగేశ్వరి ముందుకు వంగి, తెలుగులోనే మొదలుపెట్టేసింది.

"అమ్మా, తప్పు నాది. ఆ భరిణెలో డబ్బులు పెట్టింది నేను. ఖాళీగా ఇవ్వకూడదని మా ఇళ్లలో ఆచారం. మీ కంపెనీలో ఇది తప్పని నాకు తెలియదు. ఈ పిల్లకు నేను పెట్టిన సంగతే తెలియదు, అన్నం తింటుంటే చెప్పాను. సంతకం ఈ పిల్లది, తప్పు నాది." అప్పుడు సుష్మిత వైపు తిరిగింది. "చెప్పు. నేనన్నది అన్నట్టే చెప్పు. ఒక్క ముక్క మార్చావంటే నా మీదొట్టు."

రైల్లో వల్లించిందంతా ఎక్కడికో పోయింది. సుష్మిత తల వంచి, చేతులు ఒళ్లో బిగించుకుని, నాగేశ్వరి గారన్న వాక్యాలను ఒక్కొక్కటిగా జపనీస్‌లో చెప్పింది. వ్యాకరణం తప్పింది, రెండు చోట్ల మాట దొరక్క ఆగింది, అయినా ఏదీ వదలలేదు. అయిపోయాక తలెత్తడానికి ధైర్యం చాలలేదు.

బల్ల మీద టక్కుమని చిన్న చప్పుడైంది.

భరిణె. మోరికావా గారు హ్యాండ్‌బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. మూత తీసింది. నాలుగు మడతలు పెట్టిన వంద నోటు, మూల పసుపు, కింద నాణేలు.

"గదిలోకి వెళ్లగానే తెరిచాను," అంది ఆవిడ, సుష్మితకు అర్థమవ్వాలని మెల్లగా. "ఎదురుగా తెరవడం మర్యాద కాదు. వెళ్లాక తెరవకుండా ఉండటమూ మర్యాద కాదు."

అంటే రెండు గంటలుగా ఆవిడకు తెలుసు.

"ఈ పసుపు రంగు ఏమిటి?"

సుష్మిత అడిగింది. నాగేశ్వరి చెప్పింది. "పసుపమ్మా. శుభం. కొత్త నోటు కోసం నరేశ్‌ను బ్యాంకుకు కూడా పంపాను. నలిగిన నోటు పెట్టకూడదు."

అది విని మోరికావా గారి ముఖం మొదటిసారి కాస్త మెత్తబడింది. "మా ఇళ్లలో పెళ్లికి వెళ్తే కవర్లో డబ్బు పెడతాం. కొత్త నోటే పెట్టాలి. మా అమ్మ దానికోసం బ్యాంకులో లైను కట్టేది. ఈవిడతో చెప్పండి."

సుష్మిత చెప్పింది. "చూశావా, ఎక్కడైనా అమ్మలు అమ్మలే," అంది నాగేశ్వరి, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే నవ్వుతూ. సుష్మితకు ఒక్క క్షణం గుండె తేలికైంది. అయిపోయింది, గట్టెక్కాం అనుకుంది.

మోరికావా గారు మూత పెట్టి, బ్యాగులోంచి ఒక ముద్రించిన కాగితం తీసింది.

"అది మా ఇళ్లలో. ఇది కంపెనీ. మూడు గంటలలోగా నేను ఈ కాగితం నింపి పంపాలి. డబ్బు పెట్టింది ఎవరు, సంతకం చేసిన మనిషికి ముందే తెలుసా లేదా. రెండే ప్రశ్నలు. సుష్మిత సాన్, మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఈ రోజు, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి. అన్నం తినేటప్పుడు."

"సంతకం పెట్టేటప్పుడు తెలియదు."

"తెలియదు."

ఆవిడ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది. లాబీలో ఎవరో చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ పోయారు. ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా ఆగి, ముందుకన్నా మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"ఒంటి గంటా ఇరవైకి రామ్మోహనరావు సాన్ నాకు ఫోన్ చేసి ఇంగ్లీషులో మాట్లాడారు. భరిణెలో డబ్బు ఉందని ఆయనే చెప్పారు. మీరు ఎవరికీ చెప్పకుండా, సొంతంగా పెట్టారని అన్నారు. ఈ రోజు నుంచే మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేశానని, కంపెనీకి దీనితో సంబంధం లేదని, నాలుగింటికి సంతకాలకు తను ఒక్కడే వస్తానని అన్నారు."

సుష్మితకు ఒక్కో మాటా అర్థమైంది. అన్నీ కలిపి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. ఒంటి గంటా ఇరవై. అప్పటికి తామిద్దరూ మెట్రో మెట్లు ఎక్కుతున్నారు. తన చార్జర్, సగం తిన్న బాక్సు ఇంకా ఆ ఆఫీసులోనే ఉన్నాయి.

"నా దగ్గర ఇప్పుడు రెండు మాటలున్నాయి," అంది మోరికావా గారు. "కాగితంలో ఒక్కటే రాయగలను. ఇప్పుడు చెప్పిందే ఈవిడ రాసి సంతకం పెడితే మీ పేరు ఈ కాగితంలో ఉండదు. కానీ అప్పుడు, మీ డైరెక్టరు మాకు అబద్ధం చెప్పాడని కూడా నేను రాయాల్సి వస్తుంది. అలా రాశాక నాలుగింటికి సంతకాలు ఉండవు. ఈవిడను అడగండి."

కాగితాన్ని, పెన్నును రెండు చేతులతో పట్టుకుని, పొద్దున కానుక అందుకున్నంత మర్యాదగా, బల్ల మీదుగా నాగేశ్వరి ముందుకు జరిపింది. గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

సుష్మిత ఆ పెన్నును చూసింది. ఈవిడ సంతకం పెడితే తను బయటపడుతుంది, నరేశన్నతో సహా అందరూ మునుగుతారు. పెట్టకపోతే ఆఫీసు నడుస్తుంది, తన పేరు నగోయాలో ఏదో జాబితాలో పడి ఉంటుంది. అసలు ఈ మాటలు తెలుగులో చెప్పకుండా, ఏం లేదు ఆంటీ, పోదాం పద అనేస్తే ఈవిడకు ఏనాటికీ తెలియదు. ఆ సోఫాలో రెండు భాషలూ వచ్చింది తనొక్కదానికే.

నాగేశ్వరి ముఖంలో ఇందాకటి నవ్వు ఇంకా పోలేదు. జపనీస్ ప్రవాహంలో తెలిసిన మాట ఒక్కటే పట్టుకుంది ఆవిడ.

"మావారి పేరు అంది కదూ? ఫోన్ చేశారా ఏంటి? చూశావా, నన్ను కోప్పడ్డారు గానీ, మనసు ఆగలేదు ఆయనకు. ఏమన్నారట?"

నిజాన్ని తెలుగులోంచి జపనీస్‌లోకి తేవడం కష్టమనుకుంది ఇందాక.

"ఆంటీ," అంది. "జర కూర్చోండ్రి."

నాగేశ్వరి నవ్వు మెల్లగా ఆగింది. పెన్నును చూసింది, మోరికావా గారిని చూసింది, చివరికి సుష్మితను చూసింది.

"కూర్చునే ఉన్నాను కదే. చెప్పు."